తిరిగొస్తావని రుజువేది? స్టూడెంట్ వీసా ప్రశ్న, మన ఇళ్ళల్లో లేని కాగితాలు

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో అద్దం అవతలి అధికారి అడిగే ప్రశ్నలు పైకి మామూలుగానే ఉంటాయి. ఏ యూనివర్సిటీ? ఆ కోర్సే ఎందుకు? ఫీజు ఎవరు కడతారు? మీ నాన్నగారు ఏం చేస్తారు? చదువయ్యాక ఏం చేస్తారు? రెండు మూడు నిమిషాల్లో ముగిసే ఆ మాటల్లో అధికారి తేల్చుకోవాల్సింది ఒక్కటే. ఈ విద్యార్థి నిజంగా చదువుకే వెళుతున్నారా, గడువు ముగిశాక వెనక్కి వస్తారా?

దీన్నే వీసా భాషలో తాత్కాలిక ఉద్దేశం అంటారు. ఉద్దేశం మనసులో ఉండే సంగతి. దాన్ని ఎవరూ తీసి బల్లమీద పెట్టలేరు. అందుకే అధికారులు దాన్ని బయటి గుర్తుల్లో వెతుకుతారు. సొంత ఇల్లు, పొలం, బ్యాంకు నిల్వ, తండ్రి ఉద్యోగం, తిరిగొస్తే దొరికే కొలువు. మన సమాజంలో ఈ గుర్తులు అందరికీ సమానంగా అందలేదు. కులాన్ని బట్టి అందాయి. తరతరాలుగా భూమి లేని ఇంటి బిడ్డను "ఇక్కడ నీకేముందని తిరిగొస్తావు?" అని అడిగితే, అడిగినవారికి తెలియకపోయినా, అది కులం వేసిన ప్రశ్నే అవుతుంది.

మేము విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేస్తూ, మా తర్వాత వచ్చే తమ్ముళ్ళ, చెల్లెళ్ళ దరఖాస్తులు చదివిపెడుతున్నవాళ్ళం. చట్టం నిజంగా ఏమడుగుతుంది, ఏమడగదు, దళిత విద్యార్థులు తమ దగ్గరున్న నిజాన్నే రుజువుగా ఎలా నిలబెట్టుకోవచ్చు, సంఘాలు ప్రభుత్వాలను ఏం నిలదీయాలి అన్నవి ఇక్కడ వరసగా చెప్పుకుందాం.

అమెరికా: ముందే అనుమానించే చట్టం

అమెరికా వలస, జాతీయత చట్టం 1952 నాటిది. అందులోని 214(బి) సెక్షన్ ప్రకారం, తాత్కాలిక వీసా అడిగే వ్యక్తిని శాశ్వతంగా స్థిరపడటానికే వస్తున్నారని ముందే అనుకోవాలి. ఆ అనుమానాన్ని తొలగించే భారం దరఖాస్తుదారుదే. నేరం రుజువయ్యేదాకా నిర్దోషి అని చెప్పే న్యాయసూత్రం ఇక్కడ తలకిందులవుతుంది. ఇది కొద్ది రకాల వీసాలకు తప్ప అందరికీ వర్తిస్తుంది. విద్యార్థుల ఎఫ్-1 వీసాకు తప్పకుండా వర్తిస్తుంది.

ఎఫ్-1 నిర్వచనంలోనే ఇంకో షరతు ఉంది. విద్యార్థికి విదేశంలో, అంటే మన విషయంలో భారతదేశంలో, ఒక నివాసం ఉండాలి. దాన్ని వదులుకునే ఉద్దేశం ఉండకూడదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. నివాసం అంటే సొంత ఇల్లు కాదు, రిజిస్ట్రేషన్ పత్రాలూ కాదు. మనిషి నిజంగా బతుకుతున్న చోటు అని అర్థం. అద్దె ఇల్లయినా, ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలంలో అమ్మ పేరున కట్టుకున్న రెండు గదులైనా నివాసమే.

విద్యార్థుల సంగతి వేరని అమెరికా విదేశాంగ శాఖ మాన్యువల్ కూడా ఒప్పుకుంది. విద్యార్థులు సాధారణంగా చిన్న వయసువాళ్ళు, పెళ్ళి కానివాళ్ళు, ఉద్యోగం, ఆస్తి లేనివాళ్ళు కాబట్టి సందర్శక వీసాకు అడిగే బంధాలనే వారినుంచి ఆశించకూడదని, దరఖాస్తు చేసే రోజున వారి ఉద్దేశం ఏమిటో చూడాలని ఆ మార్గదర్శకాల సారం. 2017లో ఆ భాషను కుదించారు. 2021 డిసెంబరులో తిరిగి చేర్చారు. మాన్యువల్ ఇంటర్నెట్‌లో అందరికీ దొరుకుతుంది. ఇంటర్వ్యూకు ముందు దాని తాజా రూపాన్ని స్వయంగా చదువుకోవడం మంచిది.

"దరఖాస్తు చేసే రోజున" అన్న మాటను గుర్తుపెట్టుకోవాలి. పదేళ్ళ తర్వాత జీవితం ఎటు తిరుగుతుందో ఎవరూ ప్రమాణం చేయలేరు. చట్టం అడిగేది ఈరోజు ఉన్న నిజమైన ప్రణాళికను. రేపు పరిస్థితులు మారి, చట్టబద్ధంగానే వేరే దారి దొరికితే అది వేరే సంగతి. ఈరోజు ఒకటి మనసులో పెట్టుకుని ఇంకొకటి చెప్పడం మాత్రం తప్పుడు సమాచారం కిందికి వస్తుంది. చదువయ్యాక ఏడాదిపాటు, సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులకైతే ఇంకో 24 నెలలు దొరికే ఓపీటీ అనే శిక్షణ అవకాశం ఎఫ్-1 నియమాల్లో భాగమే. దాని గురించి అడిగితే తెలియనట్టు నటించనక్కర్లేదు.

214(బి) కింద తిరస్కరిస్తే అప్పీలు లేదు. కాన్సులర్ అధికారి నిర్ణయంలో అమెరికా కోర్టులు దాదాపుగా జోక్యం చేసుకోవు. 1972 నాటి మాండెల్ తీర్పు నుంచి 2024 నాటి మున్యోజ్ తీర్పు దాకా అక్కడి సుప్రీంకోర్టుది ఇదే వరస. మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు, మళ్ళీ 185 డాలర్లు కట్టాలి. 350 డాలర్ల సెవిస్ ఫీజు మాత్రం, అదే రకం వీసాకు 12 నెలల్లోపు తిరిగి వెళితే, రెండోసారి కట్టనక్కర్లేదు. మొదటి ప్రయత్నానికి ఈ రెండూ కలిపి 45 వేల రూపాయలకు పైనే. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. చట్టం హామీ ఇచ్చిన 100 రోజులూ పని దొరికినా చేతికొచ్చేది 30,700. ఒక కూలి ఇంటికి వీసా తిరస్కరణ ఖరీదు ఇది. కలిగిన ఇంటి బిడ్డకు అది మళ్ళీ తీసుకోవాల్సిన అపాయింట్‌మెంట్ మాత్రమే.

మిగతా దేశాలు ఏం చూస్తాయి?

కెనడా నియమాల్లో 216వ సెక్షన్ ప్రకారం, అనుమతించిన గడువు ముగిసేలోగా విద్యార్థి దేశం విడిచి వెళతారని అధికారికి నమ్మకం కలగాలి. అయితే వారి వలస చట్టంలోని 22(2) ఇంకో మాట కూడా చెబుతుంది. భవిష్యత్తులో శాశ్వత నివాసం కోరుకోవడం తాత్కాలిక అనుమతికి అడ్డు కాదు. గడువు తీరి, వేరే అనుమతి రాకపోతే వెళ్ళిపోతారన్న నమ్మకం ఉంటే చాలు. దీన్నే ద్వంద్వ ఉద్దేశం అంటారు. కెనడా తిరస్కరణ లేఖల్లో తరచూ కనిపించే కారణాలు రెండు: కుటుంబ బంధాలు, ఆస్తి-ఆర్థిక స్థితి. అమెరికాతో పోలిస్తే ఇక్కడ ఒక దారి ఉంది. దేశం బయట ఉన్న దరఖాస్తుదారులు నిర్ణయం తెలిసిన 60 రోజుల్లోగా ఫెడరల్ కోర్టును ఆశ్రయించవచ్చు. 2019 నాటి వావిలోవ్ తీర్పు తర్వాత, అధికారి ఇచ్చిన కారణాలకూ ముందున్న ఆధారాలకూ పొంతన ఉందా అని కోర్టు చూస్తుంది. అధికారి రాసుకున్న నోట్స్‌ను కూడా సమాచార చట్టం కింద తెప్పించుకోవచ్చు.

ఆస్ట్రేలియా కథ మనకు ఇంకా పనికొస్తుంది. 2011 నుంచి అక్కడ "నిజమైన తాత్కాలిక ప్రవేశకులు" అన్న షరతు ఉండేది. ఏం చూడాలో అధికారులకు చెప్పిన మంత్రిత్వ ఆదేశంలో రెండు అంశాలను గమనించండి. సొంత దేశానికి తిరిగి వెళ్ళకుండా ఉండటానికి పురిగొల్పే ఆర్థిక పరిస్థితులు ఒకటి. సొంత దేశంలోని రాజకీయ, సామాజిక అశాంతి రెండోది. అంటే పేదరికమూ, ఇంటి దగ్గరి హింసా రెండూ దరఖాస్తుదారు మీద అనుమానానికి కారణాలయ్యాయి. 2024 మార్చి 23న ఆ షరతు స్థానంలో "నిజమైన విద్యార్థి" అన్న కొత్త షరతు వచ్చింది. ఇప్పుడు దరఖాస్తులోనే ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 150 పదాలు మించకుండా జవాబు రాయాలి. కుటుంబం, సమాజం, ఉద్యోగం, ఆర్థిక స్థితి గురించి ఒకటి. ఈ కోర్సు, ఈ సంస్థ ఎందుకు అని ఒకటి. దీనివల్ల మీకు ఏం మేలు అని ఇంకొకటి. తర్వాత స్థిరపడాలన్న ఆలోచన ఉన్నంత మాత్రాన విద్యార్థి అబద్ధం కాదని ఆ ప్రభుత్వం అంగీకరించింది. బంధాల ప్రశ్న మాత్రం పోలేదు. దరఖాస్తు ఫీజు కూడా 2024 జూలైలో 710 నుంచి 1,600 ఆస్ట్రేలియా డాలర్లకు, 2025 జూలైలో 2,000కు పెరిగింది.

యుకె విద్యార్థి నియమాల్లో కూడా "నిజమైన విద్యార్థి" అన్న షరతే ఉంది. అక్కడ దరఖాస్తులు ఎక్కువగా డబ్బు దగ్గర ఆగుతాయి. చూపే మొత్తం ఖాతాలో వరసగా 28 రోజులు నిలిచి ఉండాలి.

"బంధాలు" ఎవరి ఇంట్లో కాగితాలవుతాయి?

వీసా కన్సల్టెన్సీలు ఇచ్చే జాబితా చూడండి. ఇంటి పత్రాలు, పొలం పాసుపుస్తకం, ఛార్టర్డ్ అకౌంటెంట్ వేసిన ఆస్తి విలువ, మూడేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నులు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు. ఈ జాబితాను ఎవరి ఇంటిని చూసి తయారుచేశారో అర్థమవుతూనే ఉంది.

మన ఇళ్ళల్లో భూమి ఉందంటే చాలాసార్లు అది అసైన్డ్ భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఆ భూమి అన్యాక్రాంతం కాకుండా కాపాడింది. అది మన రక్షణ కోసం వచ్చిన చట్టమే. 2023లో ఆంధ్రప్రదేశ్ దాన్ని సవరించి, 20 ఏళ్ళు దాటిన అసైనీలకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. అమ్మకూడదని చట్టం చెప్పిన భూమికి మార్కెట్ విలువ వేసి చూపడం కుదరదు. మూడు తరాలు చెమటోడ్చిన ఎకరం వీసా ఫైలులో సున్నా అయిపోతుంది.

రుణం సంగతీ అంతే. బ్యాంకుల సంఘం నమూనా విద్యారుణ పథకంలో 7.5 లక్షల రూపాయలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు. అమెరికా యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రంలో ఒక్క ఏడాది ఖర్చే దానికి ఎన్నో రెట్లుంటుంది. తాకట్టుకు ఆస్తి లేక రుణం రాదు. రుణం రాక డబ్బు చూపలేరు. డబ్బు చూపలేకపోతే చదువు ఉద్దేశం మీదే అనుమానం వస్తుంది.

స్కాలర్‌షిప్ ఈ ముడి విప్పాలి. కొన్నిసార్లు అదే ఇంకో ముడి వేస్తుంది. తెలంగాణలోని అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల రూపాయలదాకా ఇస్తుంది. మంచి పథకం. కానీ మొదటి విడత 10 లక్షలు విద్యార్థి ఆ దేశంలో దిగి, దిగినట్టు ఆధారం పంపాక వస్తాయి. రెండో విడత మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాక. వీసా అధికారికి డబ్బు బయల్దేరకముందే కనిపించాలి. ప్రభుత్వం డబ్బు దిగాక ఇస్తుంది. ఈ మధ్య ఖాళీని వడ్డీ వ్యాపారి పూడుస్తాడు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఫీజుతో పాటు జీవన భత్యంగా ఏడాదికి 15,400 డాలర్లు ఇస్తుంది. అమెరికాలోని పెద్ద నగరాల యూనివర్సిటీలు ఐ-20లో వేసే జీవన ఖర్చు అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఆ తేడా ఎక్కడినుంచి వస్తుందో కూడా విద్యార్థే చూపాలి. 2025లో ఈ పథకానికి ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే తాత్కాలిక ఉత్తర్వులిచ్చి, మిగతావారిని నిధులు దొరికేదాకా ఆగమన్న సంగతి మనకు తెలుసు. ఎంపికైన విద్యార్థి చేతిలో ఉత్తర్వు లేకపోతే ఆ ఎంపికకు వీసా కిటికీ దగ్గర విలువ లేదు.

వీటన్నిటికంటే కష్టమైన చిక్కు ఇంకొకటుంది. మనలో చాలామంది పరిశోధన కులం మీదే. కారంచేడు, చుండూరు మీద పనిచేసేవాళ్ళున్నారు, పారిశుధ్య కార్మికుల మీద, కుల దురహంకార హత్యల మీద పనిచేసేవాళ్ళున్నారు. "మీ పరిశోధన ఏమిటి?" అంటే సొంత ఊరి గాయం గురించి చెప్పాలి. ఆ గాయాన్ని చెబితే "మరి అలాంటి చోటికి ఎందుకు తిరిగి వెళతారు?" అన్న అనుమానానికి తామే ఆధారం ఇచ్చినట్టవుతుంది. చెప్పకపోతే పరిశోధనకు అర్థం ఉండదు.

1913లో ఒప్పందం, 1917లో ఊరు

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1913లో కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళింది బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో. నెలకు 11.5 పౌండ్లు, మూడేళ్ళు. బదులుగా చదువు ముగిశాక పదేళ్ళు సంస్థానంలో పనిచేస్తానని ఆయన ఒప్పందం రాసిచ్చారు. ఇవాళ్టి వీసా అధికారి కోరుకునే బంధం ఇంతకంటే గట్టిది ఏముంటుంది?

ఆయన మాట నిలబెట్టుకున్నారు. 1917లో బరోడాకు తిరిగొచ్చారు. ఉన్నత విద్య చదివిన ఆ అధికారికి నగరంలో ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని ఉండాల్సి వచ్చింది. కొద్దిరోజులకే కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి వెళ్ళగొట్టింది. 1930ల మధ్యలో ఆయన రాసుకున్న అనుభవాలు "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" అన్న పేరుతో తర్వాత పుస్తకంగా వచ్చాయి. ఇప్పుడు కొలంబియాలోనే పాఠంగా చదువుతున్నారు. సొంత దేశంలో నిలవడానికే వీసా దొరకని మనిషి కథ అది.

ఆస్తి లేదు కాబట్టి తిరిగి రాడు అన్న లెక్క ఎంత తప్పో ఈ చరిత్ర చెబుతుంది. ఆయన్ను వెనక్కి రప్పించింది ఆస్తి కాదు, ఒప్పుకున్న బాధ్యత. తర్వాత ఇక్కడే నిలబెట్టింది ఇక్కడ చేయాల్సిన పని. దళిత విద్యార్థి తన తిరుగు ప్రయాణాన్ని రుజువు చేసుకోవాల్సింది కూడా ఈ రెండింటితోనే.

అరువు కాగితాల ఉచ్చు

మన దగ్గర లేని కాగితాలను పుట్టించే వ్యాపారం అమీర్‌పేట నుంచి విజయవాడ దాకా నడుస్తోంది. నెలరోజులకు వడ్డీ మీద బ్యాంకు నిల్వ చూపిస్తారు. ఎవరిదో పొలాన్ని మామయ్య స్పాన్సర్‌షిప్‌గా రాయిస్తారు. కూలికి వెళ్ళే నాన్నను "వ్యవసాయ వ్యాపారి" అని చెప్పమని నేర్పిస్తారు. తప్పంతా విద్యార్థి మీదికి తోయడం అన్యాయం. నిజం చెబితే వీసా రాదన్న భయం ఊరికే పుట్టలేదు.

అయినా ఈ దారి ఎంత ప్రమాదమో తెలియాలి. అమెరికాలో మోసంతోనో, ముఖ్యమైన విషయంలో అబద్ధంతోనో వీసా కోరారని తేలితే జీవితాంతం అనర్హత పడుతుంది. ప్రత్యేక మినహాయింపు దొరికితేనే మళ్ళీ ప్రవేశం. కెనడాలో ఐదేళ్ళు, ఆస్ట్రేలియాలో మూడేళ్ళు నిషేధం. 214(బి) తిరస్కరణ వస్తే రేపు మళ్ళీ వెళ్ళవచ్చు. అబద్ధం రుజువైతే రేపు ఉండదు. కన్సల్టెన్సీ ఫీజు తీసుకుని పక్కకు తప్పుకుంటుంది, పాస్‌పోర్టు మీద మచ్చ మిగిలేది మనకే.

ఉన్న నిజాన్నే రుజువుగా నిలబెట్టడం

నాన్న ఏం చేస్తారని అడిగితే "వ్యవసాయ కూలి" అనే చెప్పండి. "మున్సిపాలిటీలో పారిశుధ్య కార్మికురాలు మా అమ్మ" అనే చెప్పండి. ఆ వెంటనే డబ్బు ఎక్కడినుంచి వస్తుందో లెక్కతో చెప్పండి. తడబాటు పేదరికం వల్ల రాదు, లెక్క తెలియకపోవడం వల్ల వస్తుంది. మొదటి ఏడాది ఖర్చు ఎంత, అందులో యూనివర్సిటీ ఇచ్చే ఫెలోషిప్ ఎంత, ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఎంత, రుణం ఎంత అన్నది ఒక కాగితం మీద రాసుకుని నోటికి వచ్చేదాకా చదువుకోవాలి.

రుణం ఎలా తీరుస్తారన్నదే అసలు పరీక్ష. 10 లక్షల రుణం, 10 శాతం వడ్డీ, 10 ఏళ్ళ గడువు అయితే నెలకు దాదాపు 13,200 రూపాయలు కట్టాలి. అదే 40 లక్షలైతే దాదాపు 52,900. ఇక్కడ యూనివర్సిటీలో కొత్తగా చేరే అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700. మొదటి రుణం ఉన్నవారు "తిరిగొచ్చి బోధనలో చేరతాను" అంటే నమ్మశక్యంగా ఉంటుంది. రెండోది ఉన్నవారు అదే మాట అంటే లెక్క కుదరదు, అది అధికారికీ తెలుసు. అందుకే యూనివర్సిటీని ఎంచుకునేటప్పుడే పూర్తి ఫండింగ్ ఉన్న పిహెచ్‌డిలు, ఫీజు తక్కువున్న ప్రభుత్వ యూనివర్సిటీలు చూసుకోవాలి. తాత్కాలిక ఉద్దేశం రుజువు చేసుకునే పని వీసా రోజున మొదలవదు, అప్లికేషన్ పెట్టే రోజునే మొదలవుతుంది.

చదువు ప్రణాళికను ఒక పేజీలో రాసుకోండి. ఇప్పటిదాకా ఏం చదివాను, ఎక్కడ లోటుంది, ఆ లోటును ఈ కోర్సులోని ఏ పేపర్లు, ఏ గైడ్ పూరిస్తారు, తిరిగొచ్చి ఏ పనిలో పెడతాను. "భారతదేశంలో అవకాశాలు పెరుగుతున్నాయి" వంటి మాటలు అందరూ చెబుతారు. ఫలానా నియామకాలు, ఫలానా శాఖ, ఫలానా పరిశోధన అని పేరు పెట్టి చెప్పగలగాలి.

ఇక్కడ పిహెచ్‌డిలో నమోదై ఉండి, ఒక సెమిస్టర్‌కో ఏడాదికో వెళుతున్నవారికి ఆ నమోదే గట్టి ఆధారం. గైడ్ లేఖలో ఎప్పుడు తిరిగి చేరాలో, థీసిస్ ఎప్పుడు సమర్పించాలో తేదీలతో ఉండాలి. ఉద్యోగం చేస్తున్నవారు, అది కాంట్రాక్టు ఉద్యోగమైనా, సెలవు మంజూరు లేఖ తీసుకోవాలి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ వంటి ఫెలోషిప్‌తో జె-1 వీసా మీద వెళ్ళేవారికి రెండేళ్ళు స్వదేశంలో ఉండాలన్న నియమం వర్తిస్తుంది. దాని గురించి అడగకముందే చెప్పవచ్చు.

కుటుంబ బాధ్యతల సంగతి జాగ్రత్తగా చెప్పాలి. "అమ్మానాన్నలను నేనే పోషించాలి" అని మాత్రమే అంటే అది అక్కడే ఉండి సంపాదించి పంపడానికి కారణంగా కూడా వినిపిస్తుంది. అమ్మ ఆరోగ్యం చూసుకునేది ఎవరు, చెల్లి చదువు ఎప్పుడు పూర్తవుతుంది, ఆ మధ్యకాలంలో ఏర్పాటు ఏమిటి అన్నది కూడా చెబితే అది ఇంటిని ఆలోచించుకున్న మనిషి మాటగా ఉంటుంది.

సంఘంలో చేసిన పని కూడా బంధమే. సాయంకాలపు బడి నడిపారా, లైబ్రరీ పెట్టారా, కేసుల్లో బాధితుల వెంట నిలిచారా? ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ బాధ్యతలో అన్నది లేఖగా తీసుకోండి. కులం మీద పరిశోధన చేసేవారు గాయాన్ని దాచనక్కర్లేదు. "నా ఊళ్ళో పరిస్థితి బాగాలేదు" దగ్గర ఆగిపోకండి. "నా క్షేత్రం అదే, నా పని అక్కడే ఉంది, అందుకే తిరిగొస్తాను" దాకా వెళ్ళండి.

సెమిస్టర్లు తప్పడం, ఏడాది గ్యాప్ వంటివి కప్పిపుచ్చకండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక సర్టిఫికెట్లు కాలేజీలో ఆగిపోతే, ఆ ఏడాది పనికి వెళితే, అలాగే చెప్పండి. ఇంటిపేరు, ఒంటిపేరు పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాసుపుస్తకంలో నాన్న పేరు ఇంకోలా ఉండటం మన ఇళ్ళల్లో మామూలే. పాస్‌పోర్టు తీసుకోకముందే వాటిని సరిచేయించుకుంటే సగం ప్రశ్నలు రావు.

పోస్టులు, ఖాతాలు

ఉద్యమంలో ఉన్నవారికి ఇది వేరే ఆందోళన. అమెరికా వీసా ఫారం డీఎస్-160లో గత ఐదేళ్ళుగా వాడిన సోషల్ మీడియా ఖాతాల వివరాలు 2019 నుంచి అడుగుతున్నారు. 2025 జూన్‌లో విద్యార్థి వీసా కోరేవారంతా ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టాలన్నారు. అదే ఏడాది మార్చి, ఏప్రిల్ నెలల్లో పాలస్తీనాకు మద్దతుగా మాట్లాడిన విదేశీ విద్యార్థుల వీసాలు రద్దయ్యాయి.

ఇది తిరిగి రావాలన్న ఉద్దేశానికి సంబంధించిన పరీక్ష కాదు, కానీ అదే ఫైలు, అదే కిటికీ. ఖాతాను ఫారంలో రాయకుండా దాచడం పోస్టు కంటే పెద్ద ప్రమాదం. అంబేడ్కర్ జయంతి ఫొటోలు, కుల అత్యాచారాల మీద రాసిన వ్యాసాలు సిగ్గుపడాల్సినవి కావు. పైగా మీ పని ఇక్కడే ఉందనడానికి అవి చాలాకాలంగా నమోదైన సాక్ష్యం. అయితే "ఈ దేశంలో ఇక ఉండలేను, ఎలాగైనా వెళ్ళిపోవాలి" అని కోపంలో రాసుకున్న ఒక్క వాక్యాన్ని అధికారి మీ ప్రణాళికకు ఎదురుగా పెట్టవచ్చు. అడిగితే ఏ సందర్భంలో రాశారో చెప్పడానికి సిద్ధంగా ఉండాలి.

తిరస్కరణ వస్తే

తిరస్కరణ కాగితం మీద మీ వ్యక్తిత్వానికి తీర్పు ఉండదు. బయటికి రాగానే అడిగిన ప్రశ్నలు, ఇచ్చిన జవాబులు గుర్తున్నంత మేరకు రాసిపెట్టుకోండి. అదే ఫైలుతో వారంలో మళ్ళీ వెళ్ళడం వల్ల ఉపయోగం తక్కువ. ఏదో ఒకటి మారాలి: కొత్త ఫండింగ్, స్కాలర్‌షిప్ ఉత్తర్వు, స్పష్టమైన ప్రణాళిక. కెనడా అయితే 60 రోజుల గడువు గుర్తుంచుకుని వెంటనే న్యాయ సలహా తీసుకోవాలి. అడ్మిషన్‌ను తర్వాతి సెమిస్టర్‌కు వాయిదా వేయమని యూనివర్సిటీని అదే రోజు అడగండి.

ఇది ఒంటరి విద్యార్థి పని కాదు

వేరే దేశపు వీసా చట్టాన్ని మనం ఇక్కడినుంచి మార్చలేం. మన ప్రభుత్వాలు చేయగలిగినవి చాలా ఉన్నాయి, వాటిని అడగాల్సింది సంఘాలే. ఓవర్సీస్ విద్యానిధి మొదటి విడతను వీసాకు ముందే విద్యార్థి పేరున వేరే ఖాతాలో జమచేసి, బయల్దేరాక వాడుకునేలా చేయవచ్చు. మంజూరు లేఖను ఎంత మొత్తం, ఎన్నేళ్ళు, ఎప్పుడెప్పుడు అని కాన్సులేట్‌కు అర్థమయ్యే రూపంలో ఇవ్వవచ్చు. ఎస్సీ కార్పొరేషన్ల ద్వారా విద్యారుణాలకు ప్రభుత్వమే హామీ ఉండవచ్చు. ఎంపిక జాబితాలు అడ్మిషన్ గడువుల కంటే ముందే రావాలి. తిరిగొచ్చినవారికి ఇక్కడి యూనివర్సిటీల్లో ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్న రిజర్వుడు పోస్టులు భర్తీ చేయాలి. "తిరిగొచ్చి ఏం చేస్తారు?" అన్న ప్రశ్నకు అంతకంటే బలమైన జవాబు లేదు.

విద్యార్థి సంఘాలు ఇంకొక పని మొదలుపెట్టవచ్చు. తిరస్కరణకు గురైన దళిత, ఆదివాసీ విద్యార్థుల అనుభవాలను, పేర్లు లేకుండా, దేశం, కోర్సు, అడిగిన ప్రశ్న, చెప్పిన కారణం వారీగా నమోదు చేయడం. ఒక్కొక్కరి దగ్గర విడిగా ఉన్నప్పుడు అది దురదృష్టంగా కనిపిస్తుంది. అన్నీ ఒకచోట చేరితే అందులో ఏ నమూనా ఉందో తెలుస్తుంది. అప్పుడు నిలదీయడానికి మన చేతుల్లోనూ ఒక కాగితం ఉంటుంది.